పిండి అద్దిన జీళ్లు

"అంత లోతున, అంత బరువు కింద, రాతిలో గ్యాస్ నిలిచే ఖాళీ ఎలా మిగులుతుంది మేడమ్?" అని హిమజ ప్రొఫెసర్ వర్ధనమ్మను అడిగింది. "కిందటి వారం నీకిచ్చిన నువ్వుల జీళ్లు ఉన్నాయా?" అన్నారావిడ.

హిమజ ఆవిడ దగ్గర భూగర్భశాస్త్రం చదివి, కోనసీమలో గ్యాస్ కోసం తవ్వే ఒక కంపెనీలో చేరింది. ఆమె చూసుకుంటున్న మొదటి బావిలో రెండు ఇసుకరాతి పొరలు తగిలాయి. పైది తెల్లగా, కడిగిన ముత్యంలా ఉంది. కిందది ఆకుపచ్చ మట్టి పట్టి మురికిగా ఉంది. ఆమె తెల్లదాన్నే పరీక్షించమంది. గ్యాస్ రాలేదు. రేపు బావిని సిమెంటుతో మూసేస్తారు. ఆపైన బావి తవ్వే ఆ రిగ్ మీద ఆమె మాట ఎవరూ వినరు.

హిమజ సంచిలోంచి డబ్బా తీసింది. జీళ్లకు అద్దిన బియ్యప్పిండి ఆమెకు నచ్చదు. ఒక్కొక్కటీ తుడిచి దాచుకుంది. వానాకాలపు చెమ్మకు అవి చెమర్చి, ఒకదానికొకటి అంటుకుని, గట్టి ముద్దయ్యాయి. చాకు కూడా దిగలేదు. వర్ధనమ్మ తన డబ్బా ఊపారు. లోపల జీళ్లు గలగలలాడాయి.

"నేను తుడవలేదు," అన్నారు.

తరువాత, హిమజ వెంట తెచ్చిన రెండు రాతి ముక్కల మీద చెరొక నీటిబొట్టు వేశారు. తెల్లదాని మీద బొట్టు బొట్టుగానే నిలిచింది. మురికిదాని మీద పడీ పడగానే ఇంకిపోయింది.

హిమజ జీళ్ల ముద్దనీ, రాతి ముక్కలనీ మార్చి మార్చి చూసింది. "తెల్ల రేణువులు శుభ్రంగా ఉండబట్టే, వేడినీటిలో కరిగిన ఇసుక వాటి మీద పేరుకుని సందులన్నీ పూడ్చేసింది. మట్టి పూత ఉన్నవాటిని పట్టుకోలేకపోయింది. అంతేనా మేడమ్?"

"రిగ్‌కి బస్సు ఎన్నింటికి?" అన్నారు వర్ధనమ్మ.

మర్నాడు రిగ్ దగ్గర హిమజ మాట విని మేనేజరు భీమేశ్వరరావు నవ్వాడు. "తెల్లరాయి ముంచింది, ఇప్పుడు మురికిరాయిని నమ్మమంటావా తల్లీ? అవతల సిమెంటు సిద్ధమవుతోంది."

"దీని మీద నీళ్లు పోసి చూడండి సార్. నిలిస్తే ఆ సిమెంటు నేనే పోస్తాను," అని హిమజ మురికి రాతి ముక్క ఆయన ముందు పెట్టింది.

ఆయన తన సీసాలోంచి కొన్ని చుక్కలు పోశాడు. ఇంకిపోయాయి. ఇంకొన్ని పోశాడు. అవీ పోయాయి.

"ఇదేం తాగుబోతు రాయమ్మా!" అని, వెనక్కి తిరిగి అరిచాడు: "సిమెంటు ఆపండ్రా!"

మురికి పొర ఉన్న లోతున బావి గొట్టానికి చిల్లులు పెట్టారు. ముందు బురద తన్నుకొచ్చింది, ఆపైన గ్యాస్ బుసకొట్టింది. నిప్పంటించగానే కొబ్బరిచెట్ల పైకి మంట లేచింది. రిగ్ మీద టోపీలు ఎగిరాయి. భీమేశ్వరరావు ఫోనులో అరుస్తున్నాడు: "అవును సార్, మురికిదే! మన మురికిదే!"

హిమజ బురద బట్టలతోనే వర్ధనమ్మ గదికి వచ్చింది. "గెలిచాం మేడమ్! ఆ మంట ఏటి అవతలి ఊళ్లకీ కనిపిస్తోందట!"

ఆవిడ డబ్బా మూత తీసి ముందుకు జరిపారు. హిమజ ఒక జీడి తీసుకుని, అలవాటు కొద్దీ పిండి దులపబోయింది.

"ఉండనీ," అన్నారు వర్ధనమ్మ.