హరీస్ కోసం పోయిన సాయవ్వ

జరుగు బిడ్డా, నన్ను గూడ జర నడుం వాల్చనియ్యి. ఇయ్యాల పొద్దుగాల లేసిన కాంచి కూసున్న పాపాన పోలేదు. చిన్న కథ చెప్త. నడుమ నడుమ అది ఎందుకు, ఇది ఎందుకు అని అడగొద్దు, నాకు ఓపిక లేదు. ఊఁ కొడితె సాలు.

అనగనగా ఒక ఊళ్ళో అని అందరూ మొదలుపెడ్తరు. మనది ఊరు గాదు, పట్నం. అనగనగా ఒక పట్నంల, నదికి ఇవతల ఒక సందుల, ఆశయ్య అని కళాయి పెట్టేటాయన ఉండె. రాగి గిన్నెలకు లోపల తెల్లగ తగరం పూస్తరు సూడు, దాన్నే కళాయి అంటరు. గిన్నెను నిప్పుల మీద కాల్చాలె, నవాసారం పొడి సల్లాలె, బుస్సుమని పొగ లేస్తది. ముప్ఫై ఏండ్లు ఆ పొగ మింగి మింగి ఆశయ్య ఊపిరి ఖరాబైంది. మంచాన పడ్డడు.

ఆశయ్య భార్య సాయవ్వ. ఆమెకు ఒక నియమం ఉండె. మొగడు తిన్నంకనే తినాలె. ఎవరు పెట్టిన్రో ఏమో ఆ నియమం, వాళ్ళను నాకు జర చూపియ్యి, నాలుగు మాటలు అడుగుత. పెండ్లైన కాంచి నలభై ఏండ్లు అట్లనే ఎల్లదీసింది. ఆయన మంచిగున్నన్ని దినాలు నడిచింది.

ఇప్పుడు ఆయన నోటికి ఏదీ సహిస్తలేదు. మొదటి దినం జావ కాసింది. వద్దన్నడు. రెండో దినం పెరుగన్నం మెత్తగ పిసికి పెట్టింది. మొఖం తిప్పుకున్నడు. మూడో దినం పండు కోసి ఇచ్చింది. చేతుల పట్టుకొని అట్లనే కూసున్నడు, నోట్ల పెట్టలె. ఆయన తినలె గాబట్టి ఆమె గూడ తినలె. ఉత్త చాయ నీళ్ళ మీద మూడు దినాలు గడిపింది. మల్ల ఇంటి పనంత ఆమెదే. బట్టలు ఉతుకుడు, ఆయన్ను లేపుడు, పండబెట్టుడు.

అప్పుడు డాక్టరు వచ్చి చూసిండు. "ఏదన్న ఇంత కడుపులకు పోవాలె అవ్వా. ఇట్లనే ఉంటె ఇంక నా చేతుల ఏం లేదు" అని చెప్పి పోయిండు. సాయవ్వ గోడకు ఆనుకొని నిలబడ్డది. ఏడుద్దామంటె గూడ ఓపిక లేదు ఆమెకు.

నాలుగో దినం శుక్రవారం. తెల్లారంగనె ఆశయ్య కండ్లు తెరిచిండు. "సాయవ్వా, హరీస్ తినబుద్ధైతున్నదే" అన్నడు.

హరీస్ అంటె గోధుమలు, మాంసం కలిపి రాత్రంత ఉడకబెట్టి, కట్టెలతోటి మెత్తగ ఎనిపి, మీద నెయ్యి పోస్తరు. నోట్ల పండ్లు లేనోళ్ళు గూడ తినొచ్చు. సాయవ్వకు పోయిన పానం తిరిగొచ్చింది. "ఏడ దొరుకుతది, చెప్పు, తెస్త" అన్నది.

"నది దాటి ఏడు భాషల పేటకు పో. పచ్చ తలుపుల ఇల్లుంటది, నూరా నానీ ఇల్లు. వాళ్ళ దేగ్‌లకు, ఆ పెద్ద పెద్ద రాగి గిన్నెలకు, నేనే కళాయి పెడ్తుంటి. వాళ్ళు అమ్మరు, శుక్రవారం శుక్రవారం వచ్చినోళ్ళకు పెడ్తరు. ఉత్త చేతులతోటి పోకు, ఇంత ఊదు కొనుక్కపో. ఇంకెవర్నీ తోలకు, నువ్వే పోవాలె" అన్నడు. అన్ని మాటలు చెప్పేసరికి ఆయనకు ఎగపోసింది.

సాయవ్వ పక్కింటామెను ఆయన దగ్గర కూసోబెట్టింది. స్టీలు గిన్నె ఒకటి సంచిల వేసుకొని బస్సెక్కింది. నది దాటుడు ఆమెకు అదే మొదలు. నలభై ఏండ్లు ఒక్క పట్నంల ఉండి అవతలి ఒడ్డు సూడలేదంటె ఇంక ఆమె బతుకు ఎట్ల గడిచిందో నువ్వే చెప్పు.

ఆ పేట ఎట్లుంటదంటవా? ఎనకట రాజుగారి పటాలంల చేరనీకి సముద్రం అవతలి నుంచి అరబ్బులు వచ్చిన్రు. వాళ్ళ తోటి ఆఫ్రికా సిద్దీలు వచ్చిన్రు. ఆ తర్వాత గుజరాత్ సేట్లు దుకాణాలు పెట్టిన్రు. తమిళ పూలోళ్ళు వచ్చిన్రు, మరాఠోళ్ళు వచ్చిన్రు, కన్నడపోళ్ళు వచ్చిన్రు. మనోళ్ళు మొదలే ఉండిరి. ఒక్క సందు ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తె ఏడు భాషలు చెవుల పడ్తయ్. గాజులు, అత్తర్లు, గళ్ళ లుంగీలు, కుప్పలు పోసిన ఖర్జూరాలు, కాలుతున్న కబాబులు. సరదాకు పోయినోళ్ళకు పండుగే. సాయవ్వకు మాత్రం అదంత దాటాల్సిన తొవ్వ. ఎండ మీదికి వచ్చింది, ఆమెకు కండ్లు తిరుగుతున్నయ్.

మొదలు ఊదు దుకాణం కాడ ఆగింది. అది కాంజీ సేటు అనే గుజరాతీ ముసలాయనది. "ఏదో ఒకటి పొట్లం కట్టియ్యి సేటూ, తొందరగ పోవాలె" అన్నది సాయవ్వ.

"ఏదో ఒకటి ఇయ్యనమ్మా. ఎవరింటికి?"

"నూరా నానీ ఇంటికి."

"అయితె మంచిది చూసే ఇయ్యాలె" అని ఆయన చిన్న కుంపట్ల నిప్పు రాజేసిండు. ఒక తునక వేసి వాసన చూపిచ్చిండు. ఆ తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. ఆయన పద్ధతి అది, పొగ చూపియ్యకుంట ఊదు అమ్మడు. ఉత్త కడుపుల ఆ పొగ పోయి సాయవ్వ తూలింది. కాంజీ సేటు స్టూలు జరిపి "కూసో అమ్మా" అన్నడు. "వద్దు సేటూ, కూసుంటె మల్ల లేవను" అన్నది. నాలుగు ఖర్జూరాలు చేతుల పెట్టిండు. ఆమె నోట్ల వేసుకోలె, మొగడికని కొంగున ముడేసుకున్నది.

"జల్ది పో. నమాజైనంక గంటకు వాళ్ళ దేగ్ ఖాళీ అయితది" అని సేటు తొవ్వ చూపిచ్చిండు.

అప్పుడు సాయవ్వ ఉరుకుడు నడక నడిచింది. మసీదు మూల మలుగంగనె పెండ్లి బారాత్ ఎదురొచ్చింది. సందు నిండ జనం. ముంగట సిద్దీలు మర్ఫా డోళ్ళు కొడ్తున్నరు. మన పెండ్లిళ్ళల్ల కొట్టే తీన్‌మార్ ఉంటదే, అసొంటి దెబ్బనే, ఇంకింత బరువు. పిల్లలు, ముసలోళ్ళు, తోవన పోయేటోళ్ళు గూడ ఎగురుతున్నరు. వేరే దినమైతె సాయవ్వ గూడ నిలబడి చూసేదేమో. ఇప్పుడు ఒక్కొక్క దెబ్బ ఆమె నెత్తి మీద పడ్తున్నది. "జర తొవ్వియ్యిన్రయ్యా" అన్నది. ఆ చప్పుడుల ఆమె మాట ఆమెకే వినబడలె.

ఒక పెద్ద మనిషి, డోలు మెడల వేసుకున్నాయన, గోడకు ఒరిగిన సాయవ్వను చూసిండు. పేరు మబ్రూక్. దగ్గరికి వచ్చి "ఏమైందమ్మా" అని అడిగిండు. చెప్పింది. చాయ తాగుమంటె ఆలస్యమైతదని తల అడ్డం ఊపింది.

"డోలు తోలు సల్లవడ్తది. అప్పుడు కాయితాలు మంటేసి కాపుతం. మేము మంట కాడికి పోంగనె జనం చెదురుతరు. అప్పుడు దూరిపో" అన్నడు మబ్రూక్. ఆ తర్వాత ఏమనుకున్నడో, తన డోలు వేళ్ళతోటి ఒకసారి తట్టి, అది వేడిగనే ఉన్నా గూడ, "సల్లబడ్డది, ఆపున్రి" అని కేకేసిండు. డోళ్ళు ఆగినయ్. సందు ఖాళీ అయ్యింది. సాయవ్వ దాటిపోయింది.

పచ్చ తలుపులు తెరిచే ఉన్నయ్. వాకిట్ల పెద్ద రాగి దేగ్ పొయ్యి మీద ఉన్నది. సాయవ్వ తొంగి చూసింది. అడుగున హరీస్ ఇంకో నలుగురికి వచ్చేటంత ఉన్నది. దేగ్ లోపలంత తెల్లగ మెరుస్తున్నది. అది తన మొగడి చేతి పని అని ఆమెకు సూడంగనె తెలిసింది.

నూరా నానీ అరబ్బుల ముసలామె. మనిషి బక్కగ ఉంటది, గొంతు మాత్రం పెద్దది. సాయవ్వ ఊదు పొట్లం ఆమె చేతుల పెట్టి, గిన్నె తీసి, "మా ఆయనకు ఇంత పెట్టియ్యి నానీ. కళాయి ఆశయ్య. మంచాన పడ్డడు, నాలుగు దినాల సంది ఏం తినలె" అన్నది.

"మా ఆశయ్యనా?" అని నూరా నానీ గుండె మీద చెయ్యేసుకున్నది. "ఇటియ్యి, నిండ పెడ్త. మొదలు నువ్వు పోయి పళ్ళెం కాడ కూసో."

"నాకొద్దు నానీ. ఆయన తినంది నేను తినను."

"అట్లయితె గిన్నె వాకిలి దాటదు."

సాయవ్వకు అర్థం కాలె. అప్పుడు నూరా నానీ చెప్పింది. వాళ్ళ ముత్తాతల కాలంల, పటాలానికి అన్నం మోసేటోడు ఒకడు ఉండెనట. అందరికి మోసిండు గని వానికి ఎవరూ పెట్టలె. నెత్తి మీద గంపతోటి, ఆకలికి తొవ్వలనే పడి సచ్చిపోయిండు. ఆ నాటి నుంచి ఆ ఇంట్ల తిననోళ్ళ చేతికి గిన్నె ఇయ్యరు. రాజు పంపినోడైనా సరే, మొదలు కూసోవాలె, తినాలె, ఆ తర్వాతనే మోసుకపోవాలె.

"ఇంటికి పోయి తింట నానీ" అన్నది సాయవ్వ. నానీ గిన్నెను తన ఎనకకు జరిపింది. "పొద్దుగాల తినే వచ్చిన" అన్నది. నానీ ఆమె చెంప మీద చెయ్యి పెట్టి చూసి, "తిన్న మొఖమేనా ఇది" అన్నది. "నీ కాళ్ళు మొక్కుత" అన్నది. నానీ ఆమె రెండు చేతులు పట్టుకున్నది గని గిన్నె మాత్రం ఇయ్యలె.

ఇంకో చిక్కు ఏందంటె, ఆ ఇంట్ల పళ్ళెం నలుగురికి ఒకటి. నలుగురు కూసుంటెనే చెయ్యి పెట్టాలె. చాప మీద ముగ్గురు కూసోనున్నరు. ఒకాయన సూడాన్ నుంచి చదువుకోను వచ్చినాయన. ఒకాయన నేపాలీ వాచ్‌మన్. ఒకామె తమిళ పూలామె. ముగ్గురూ చేతులు ఒళ్ళె పెట్టుకొని, నాలుగో మనిషి కోసం చూస్తున్నరు. పూలామె తన వచ్చీ రాని తెలుగుల "వా అక్కా, సల్లారిపోతాది" అన్నది.

సాయవ్వకు ముందుగాల నేను తింటె ఆయనకేమన్న అయితదేమో అని భయం. తినకపోతె ఆయనకు తిండి పోదు, అది ఇంకా భయం. ఎటూ తోచలె. ఆఖరికి గిన్నె దిక్కు ఒకసారి చూసింది. చాప మీద కూసున్నది. బిస్మిల్లా అని వాళ్ళు చెయ్యి పెట్టిన్రు. సాయవ్వ గూడ ఒక ముద్ద తీసుకొని నోట్ల పెట్టుకున్నది. వెచ్చగ లోపలికి దిగింది. అప్పుడు ఏడ్చింది బిడ్డా. నాలుగు దినాల ఏడుపంత అప్పుడు వచ్చింది. ఏడ్చుకుంటనే తిన్నది. పక్కనున్న ముగ్గురు నెయ్యి ఎక్కువున్న భాగం ఆమె దిక్కు జరిపిన్రు.

చెయ్యి కడుక్కొని, ఒక్క నిమిషం అని గోడకు ఒరిగింది. గంతే, నిద్ర పట్టింది. కండ్లు తెరిచేసరికి ఎండ వాకిలి దాటిపోయింది. నెత్తి కింద మెత్త ఉన్నది. పక్కన గిన్నె గుడ్డల కట్టి ఉన్నది. "ఎందుకు లేపలె నానీ, ఆయనకు ఆలస్యమయ్యె" అని కోపం చేసింది. "లేపబుద్ధి కాలె" అన్నది నూరా నానీ.

బస్సుల కూసున్నంత సేపు సాయవ్వకు ఒకటే గుబులు. కడుపు నిండున్నది, అదే తప్పు చేసినట్టు అనిపిస్తున్నది. ఇంటికి రాంగనె వాకిట్లనే నిలబడ్డది. ఆయన కదులుతున్నడో లేదో చూడనీకి ధైర్యం చాలలె. లోపలి నుంచి దగ్గు వినబడ్డది. అప్పుడు లోపలికి పోయింది.

గిన్నె దించి, మంచం కాడ కూసొని, "ఓ అయ్యా, తప్పైంది. నీకంటె ముందు నేను తిన్న. తినంది గిన్నె ఇయ్యం అన్నరు వాళ్ళు" అని చెప్పింది.

ఆశయ్య ఆమె దిక్కు చూసిండు. "కడుపు నిండ తిన్నవా?"

"తిన్న."

"పండుకున్నవా జర సేపు?"

"పండుకున్న."

ఆశయ్య కండ్లు మూసుకున్నడు. "నాకు హరీస్ మీద ఏం మనసు లేదే" అన్నడు. "ముప్ఫై ఏండ్లు ఆ ఇంట్ల పని చేసిన. తినంది ఎవర్నీ తోలరని నాకెరుక. నేను చెప్తె నువ్వు తినవు. నూరా నానీ చెప్తె తింటవు. నిన్ను అట్ల పస్తుండంగ చూస్తుంటె నాకేం సహిస్తది చెప్పు."

సాయవ్వ ఆయనను తిట్టింది. గట్టిగనే తిట్టింది, ముసలోడా అన్నది, దొంగోడా అన్నది. తిట్టుకుంటనే మూత తీసి, వేలితోటి ఇంత హరీస్ ఆయన నోటికి పెట్టింది. మింగిండు. ఇంకొకసారి పెట్టింది, మింగిండు. మూడోసారి తానే నోరు తెరిచిండు.

ఎంత కాలం ఉన్నడు అంటవా? ఇంకో రెండు ఎండకాలాలు ఉన్నడు. అబద్ధం చెప్పను, ఆ తర్వాత పోయిండు. ఉన్నన్ని దినాలు మొదలు సాయవ్వ తిన్నది, ఆయన పక్కన కూసొని చూసిండు. ఆ తర్వాత ఆయన తిన్నడు. నలభై ఏండ్ల నియమం తిరగబడ్డది, ఎవరూ ఏం కాలె.

ఇగ అయిపోయింది, కండ్లు మూయి. ఏంది? మల్ల ఏం ప్రశ్న? నేను తిన్ననా అంటవా?

లేదు బిడ్డా. మీ తాత తిన్నడు, మీ అమ్మ తిన్నది, గిన్నెలు తోమేసరికి నువ్వు కథ అంటివి. నువ్వు పండుకున్నంక తింటలే. ఏంది, అట్లయితె కండ్లు మూయవా? సరే సరే, చెయ్యి గుంజకు, లేస్తున్న.

కథ పోయె కంచికి,
నిద్ర రావె కంటికి,
ఆకలైన అమ్మమ్మ
పోతున్నది వంటింటికి.