నూనె చుక్క, నక్క బొచ్చు

ఉదయం ఐదూ నలభైకి పశువైద్య సహాయకుడు ఐస్ డబ్బా మూత తీసి, కోడిపిల్లల కళ్లలో చుక్కమందు వేయడం మొదలుపెట్టాడు. కొక్కెర రోగం రాకుండా వేసే టీకా అది. పిల్లల తర్వాత పెట్టలకు సూది.

ముళ్లకంప పక్కన వంతు కోసం నిలబడ్డ బొల్లిపెట్టకు అవతలి నుంచి నక్క గొంతు వినిపించింది.

"వదినా, పిల్లలకేమో నీళ్లలాంటి మందు. మీ సూదిలోది చూశావా, తెల్లగా, చిక్కగా? నూనె కలిపారు. కల్తీ!"

"కల్తీయా?"

"రోగం ఆపే మందుకు నూనెతో ఏం పని, నువ్వే చెప్పు! పైగా మెడ వాస్తుంది. మీవాళ్లందర్నీ తీసుకుని ఈ సందులోంచి జొన్నచేలోకి వచ్చేయ్. అతను వెళ్లాక తిరిగొద్దురు."

పెట్టలన్నీ బొల్లిపెట్ట వెనకే బయల్దేరాయి. గాటి దగ్గర మైల ఎద్దు నెమరు ఆపింది.

"ఎక్కడికమ్మాయ్, ఈ ఊరేగింపు?"

"సూదిలో నూనె కలిపారట మామా. నక్కబావ చెప్పాడు."

"మీ ఆరోగ్యం మీద ఆయనకెంత బెంగ! నాకు వేసే గొంతువాపు టీకాలో పటిక కలుపుతారు. నా మెడా వాచింది. తగ్గింది."

"మరి పిల్లల మందులో ఏమీ కలపలేదే?"

"అందులో ఉన్నది బలం తగ్గించిన క్రిమి. బతికే ఉంది కాబట్టి ఒంట్లో కదులుతుంది, ఒళ్లు దానంతటదే లేచి చూస్తుంది. మీ సూదిలోది చచ్చిన క్రిమి. నిన్న కంపకు చిక్కిన నక్క బొచ్చు తెచ్చి మన కాపలా కుక్క వీరన్న ముక్కు దగ్గర పెట్టాను. ఏం చేశాడు?"

"వాసన చూసి, మళ్లీ పడుకున్నాడు." పెట్టలు కిసుక్కున నవ్వాయి.

"కుంటి నక్క లోపలికి వచ్చినా లేచేవాడు. ఉత్త బొచ్చుకు ఏ కుక్క లేస్తుంది? పక్కన ఎవరో అరవాలి. సూదిలో నూనె చేసేది ఆ పనే."

బొల్లిపెట్ట ఆ బొచ్చు ముక్కున కరుచుకెళ్లి నిద్రపోతున్న వీరన్న మూతి ముందు పడేసి, అతని చెవి దగ్గర అప్పుడే గుడ్డు పెట్టినంత గోల చేసింది. మిగతా పెట్టలూ గొంతు కలిపాయి.

"చంపేశారు కదే!" అంటూ వీరన్న దిగ్గున లేచాడు. ఎదురుగా బొచ్చు. ఈసారి వాసన తలకెక్కింది. అదే వాసన సందువైపు నుంచీ వస్తోంది.

"ఇంత ఆలస్యమా వదినా?" అంటూ నక్క సందులో తల పెట్టింది.

"వదిన పనిలో ఉంది. నేనొచ్చాను," అన్నాడు వీరన్న.

తోక కొస కంపకు వదిలేసి నక్క జొన్నచేలో పడి పరుగు తీసింది. బొల్లిపెట్ట వెళ్లి సూది వరసలో అందరికంటే ముందు నిలబడింది.

శత్రువు ఆనవాలు చూపిస్తే సరిపోదు, కాపలావాణ్ని నిద్ర కూడా లేపాలి.

కొన్నాళ్లకు పక్క ఊళ్లో కొక్కెర రోగం వచ్చిందని కాకి కబురు తెచ్చింది. ఇక్కడ ఒక్క పెట్టా తూలలేదు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నక్క చప్పుడు చేయకుండా మళ్లీ వచ్చింది. పెట్టలు గింజలు ఏరుకుంటున్నాయి, ఎవరూ అరవలేదు. వీరన్న వాసనకే లేచాడు.