రాజ్యమంతా రణమార్తాండులే

ఒకానొక రాజ్యంలో రాజుగారి పేరు ఎంత పొడుగంటే, దాన్ని పలకడానికి ఇద్దరు వందిమాగధులు కావలసి వచ్చేది. మొదటివాడు "శ్రీమద్రాజాధిరాజ విజయ ప్రచండ" దాకా లాగి ఊపిరందక ఆగిపోతే, రెండోవాడు అందుకుని "రణమార్తాండ భూపతి" అని ముగించేవాడు. రాణిగారు అప్పుడు నిండు గర్భిణి. అంతకుముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. ఈసారి పుట్టే యువరాజు పేరుకు ముగ్గురు వందిమాగధుల్ని పెట్టాలని రాజుగారు ముందే నిశ్చయించుకున్నారు.

తన పేరంటే ఎంత ప్రేమో, ఇతరుల పేర్లంటే ఆయనకు అంత చిరాకు. ఒకసారి పొరుగు రాజు దగ్గర నుంచి రాయబారి వచ్చి, దారిలో తాను దాటివచ్చిన ఊళ్లేమిటో చెప్పాడు. నక్కలదిన్నె, దున్నపాడు, పందులమెట్ట. తనకు దారి చూపినవాళ్ల పేర్లూ చెప్పాడు. పుల్లయ్య, పిచ్చయ్య, తిరిపెమయ్య. చెప్పి కొంచెం నవ్వాడు. కొంచెమే. రాజుగారికి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు సభలో శాసనం వెలువడింది.

"ఇకమీదట మా రాజ్యంలో చెత్త పేర్లు ఉండకూడదు. పున్నమిలోగా అందరూ మంచి పేర్లు పెట్టుకోవాలి. పెట్టుకోనివాడు పొలిమేర దాటిపోవాలి."

అని చుట్టూ చూసేసరికి ఆస్థాన విదూషకుడు పెంటయ్య కనిపించాడు.

"ముందు నువ్వు. ఇవాళ్టి నుంచి నీ పేరు ప్రఫుల్లచంద్రుడు."

"చిత్తం. ఇంట్లో అడిగి చెబుతాను ప్రభూ."

"ఎవర్నయ్యా అడిగేది? పెళ్లాన్నా?"

"మా అమ్మని. పేరు ఆవిడది. నేను వాడుకుంటున్నానంతే."

పెంటయ్య తల్లి బసవమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. కొడుకు చెప్పింది విని చేట కింద పెట్టింది.

"నీకు ముందు ముగ్గురు పురిట్లోనే పోయారు. నువ్వు పుట్టగానే చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టాను. పక్కింటి సూరమ్మ ఎత్తుకుంది. ఆవిడకి గుప్పెడు తవుడిచ్చి నిన్ను కొనుక్కున్నాను. యముడు వచ్చి చూసి, ఇదేదో పారేసిన సరుకనుకుని పోయాడు. ఇప్పుడు ప్రఫుల్లచంద్రుడంటే, ఎవడో కొత్తవాడు వచ్చాడని మళ్లీ చూడ్డానికి రాడూ?"

"నాకు నలభై ఏళ్లు దాటాయే అమ్మా."

"ఆయనకి అదో వయసా? నీ పేరు మారిందంటే నేనీ ఇంట్లో మెతుకు ముట్టను. పొలిమేర దాటమన్నారా, దాటుదాం పద."

పెంటయ్యకు యముడి మీద పెద్ద నమ్మకం లేదు. అమ్మ మొండితనం మీద మాత్రం పూర్తి నమ్మకం ఉంది. పేరు మార్చుకుంటే ఆవిడ అన్నం మానేస్తుంది. మార్చుకోకపోతే, మోకాళ్ల నొప్పులతో వీధి చివరికే నడవలేని మనిషి పొలిమేర దాకా నడవాలి. రాజుగారి చేతనే శాసనం రద్దు చేయించడం తప్ప మార్గం లేదు.

మర్నాడు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, ప్రఫుల్లచంద్రుడు మంచి పేరే. కానీ లోకంలో అన్నిటికన్నా గొప్ప పేరు ఏదంటారు?"

రాజుగారు సిగ్గుపడినట్టు ముఖం పెట్టారు. "అందరూ మాదే అంటారు."

"మేలురకం పేరు తమ దగ్గర పెట్టుకుని ప్రజలకు నాసిరకం పంచడమెందుకు? ఆ రాయబారి మళ్లీ వస్తే, ఏ ఊళ్లో ఎవర్ని పలకరించినా తమ పేరే వినపడాలి."

మంత్రి దగ్గాడు. రాజుగారు ఆ దగ్గు వినలేదు. సింహాసనం మీద నుంచి లేచి నిలబడ్డారు.

"మగవాళ్లందరికీ మా పేరే. ఊళ్లన్నిటికీ రణమార్తాండపురమే. ఇంత బుద్ధి నీకెక్కడ నుంచి వచ్చిందయ్యా?"

"తమ సహవాసం. అయితే ఒక మనవి. అంత గొప్ప పేరు నాలాంటివాడు ముందుగా తగిలించుకుంటే బాగుండదు. అందరికీ అయ్యాక, పున్నమినాడు చివర్న నేను పెట్టుకుంటాను."

రాజుగారు సంతోషంగా ఒప్పుకున్నారు.

నెల తిరగకముందే రాజ్యం రాజ్యమంతా రణమార్తాండులతో నిండిపోయింది. రాజుగారు "రణమార్తాండా, మంచినీళ్లు" అంటే వంటవాడూ మావటివాడూ సేనాపతీ తలా ఒక చెంబు పట్టుకొచ్చారు. పెళ్లికి తరలివెళ్లిన ఆడపిల్లవారు ఏ రణమార్తాండపురమో తెలియక, దారిలో పందిరి కనిపించిన ఊళ్లో దిగి, అక్కడ సిద్ధంగా ఉన్న వేరే పెళ్లికొడుకుకు పిల్లనిచ్చి వచ్చేశారు. అడిగితే, పేరు సరిపోయిందన్నారు. ఒకరోజు సభకు గేదె దొంగతనం తగవు వచ్చింది. "రణమార్తాండుడికి పది కొరడా దెబ్బలు" అని రాజుగారు తీర్పు చెప్పగానే, తలారి కొరడా సవరించుకుని మర్యాదగా సింహాసనం వైపు చూశాడు.

మంత్రి కాళ్లావేళ్లా పడ్డాడు. రాజుగారు కరగలేదు.

"ఇబ్బందులు చిన్నవి. మా పేరు మారుమోగుతోందా లేదా?"

"తమ చెవులతోనే వినండి ప్రభూ" అన్నాడు పెంటయ్య.

పున్నమి ముందురోజు రాజుగారు ముతక పంచె కట్టి, మీసాలకు మసి పూసి, గాజులమ్మేవాడిలా బయల్దేరారు. పెంటయ్య పెట్టుడు గడ్డం తగిలించుకుని గాజుల మలారం మోస్తూ వెంట నడిచాడు.

మొదటి వీధిలోనే పేరు వినపడింది. "ఒరే రణమార్తాండా, ముందా ముక్కు తుడుచుకోరా" అని ఒక తండ్రి కొడుకును కేకలేస్తున్నాడు. రెండో వీధిలో ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. "నీలాంటి రణమార్తాండుల్ని పొద్దున్నుంచి నలుగురిని చూశాను పోవోయ్" అంటున్నాడు ఒకడు.

రాజుగారి మసి మీసం అదిరింది. "మగవాళ్లకు మర్యాద తక్కువ. ఆడవాళ్లయితే భక్తిగా పలుకుతారు. అటు పద."

ఒక అరుగు మీద మలారం విప్పగానే ఆడవాళ్లు చుట్టూ మూగారు. రాజుగారు గాజు తొడగబోయి రెండు విరగ్గొట్టి, పని మానేసి అడిగారు.

"అమ్మా, పరదేశిని. ఈ రాజ్యమేలే ప్రభువు పేరేమిటి?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎలా చెబుతానన్నా? మా ఆయన పేరే."

"పోనీ నువ్వు చెప్పమ్మా."

"నాకూ అదే చిక్కు. కొడుకును పిలుద్దామన్నా వాడిదీ అదే పేరాయె. చప్పట్లు కొట్టి పిలుచుకుంటున్నాను."

ఒక ముసలమ్మ జాలిపడి ముందుకొచ్చింది. "పొద్దున్నే తూర్పున వస్తాడే, ఆయన పేరు. దానికి ముందు..." అని కత్తి తిప్పినట్టు చెయ్యి తిప్పి పక్కావిడ నెత్తిన ఒకటి వేసింది.

"మరి మీలో మీరు రాజుగారి గురించి మాట్లాడుకోవాలంటే?"

"'మా ఆయన కాని ఆయన' అంటాం."

రాజుగారు ఆఖరి ఆశగా అడిగారు. "గుళ్లో ఆయన పేరు మీద హారతి పాట పాడతారు కదా?"

"పాడతాం. ఆ పేరు వచ్చే చోట అందరం కలిసి దగ్గుతాం."

పొద్దుగుంకే వేళకు ఇద్దరూ కోట ద్వారం దగ్గరకు చేరారు. కావలివాడు బల్లెం అడ్డం పెట్టాడు. చీకటి పడ్డాక పేరు చెప్పందే ఎవర్నీ లోపలికి వదలకూడదన్నది రాజుగారి ఆజ్ఞే.

"పేరు?"

"రణమార్తాండుడు."

"నేనూ రణమార్తాండుడినే. పొద్దున రా."

"విజయ ప్రచండ రణమార్తాండ భూపతిని."

"మా బావమరిదిదీ అంతే పొడుగు."

"ఓరి మూర్ఖుడా, నేను రాజును."

"వాడూ అదే అంటాడు, కల్లు తాగినప్పుడు."

ముఖం చూసి పోల్చుకోవచ్చు కదా అంటారేమో. రాజుగారు వస్తుంటే తల వంచాలన్న నియమం వల్ల కావలివాడు ఇన్నేళ్లుగా చూసింది ఆయన చెప్పుల్ని మాత్రమే. ఆ పూట ఆయన ఒట్టికాళ్లతో ఉన్నారు.

రాజుగారు అరిచారు, బెదిరించారు, చివరికి గోడవారన చతికిలబడ్డారు. అప్పుడు పెంటయ్య నెమ్మదిగా ముందుకొచ్చాడు.

"నేనయ్యా, పెంటయ్యని."

కావలివాడు బల్లెం దించేశాడు. "పెంటయ్యగారా? గడ్డంతో గుర్తుపట్టలేదు. ఈ రాజ్యంలో ఆ పేరుకు మీరొక్కరే మిగిలారు. రండి బాబూ. మరి ఈయన?"

"నా మనిషే. గాజులు తొడగడం చేతకాదు గానీ మంచివాడు."

"మీ మనిషైతే సరే."

అలా రణమార్తాండ భూపతిగారు పెంటయ్య వెనకాల, మలారం తానే మోసుకుంటూ, తన కోటలోకి తాను వెళ్లారు. లోపల పది అడుగులు వేసి ఆగారు. భుజాలు కదలసాగాయి. ఏడుస్తున్నారేమోనని పెంటయ్య భయపడ్డాడు. నవ్వుతున్నారు. నవ్వీ నవ్వీ మలారం దించి దానిమీదే కూర్చున్నారు. మిగిలిన గాజులు కూడా విరిగాయి.

"మా కోటలోకి మమ్మల్ని నీ పేరు తీసుకొచ్చిందయ్యా."

"తమ పేరు ఊరంతటికీ పంచేశారు ప్రభూ. తమకంటూ ఏం మిగుల్చుకోలేదు. రేపు పున్నమి. ఈ మిగిలిన ఒక్క పేరూ తీసేయమంటారా?"

"వద్దు నాయనా. మళ్లీ ఎప్పుడైనా బయటికి వెళితే తిరిగి రావద్దూ?"

పున్నమినాడు ఎవరి పేర్లు వాళ్లకు, ఏ ఊరి పేరు ఆ ఊరికి తిరిగి వచ్చాయి. రాజుగారు నక్కలదిన్నెను ఆ పేరుతోనే పెంటయ్యకు బహుమానంగా ఇచ్చారు. బసవమ్మ మోకాళ్ల కోసం ఒక పల్లకీ పంపారు.

కొన్నాళ్లకు రాణిగారు మగబిడ్డను కన్నారు. ముగ్గురు వందిమాగధులు పేరు వల్లె వేసుకుని సభలో సిద్ధంగా నిలబడ్డారు. అదే సమయానికి గోశాల వెనకాల పల్లకీ ఆగింది. పేడకుప్ప మీద చేట, చేటలో యువరాజు. బసవమ్మ బిడ్డను ఎత్తుకుని నిలబడింది. ఎదురుగా రాజుగారు, గుప్పిట్లో తవుడు.

"ఇంతేనా అమ్మా? బస్తా ఇప్పిస్తాను."

"గుప్పెడు చాలు బాబూ. ఎక్కువిస్తే ఆయనకి అనుమానం వస్తుంది."