కుడి పేజీలో చొక్కా

నాగవేణి స్కెచ్ పుస్తకంలో ఎడమ పేజీలన్నీ నిండాయి. కుడి పేజీల్లో ఒక్క బొమ్మ కూడా నిలవలేదు.

గీయక కాదు. గీసింది, చెరిపింది. మళ్ళీ గీసింది, మళ్ళీ చెరిపింది. రబ్బరు రాపిడికి కాగితం నూగు లేచి, దీపానికి పడితే అవతలి వెలుగు కనిపించేంత పలచబడింది.

దస్తగిరి సార్ దగ్గర బొమ్మ నేర్చుకునేవాళ్ళకి ఒకటే పద్ధతి. మనిషి ఒంట్లోకి తన బాధనంతా దించిన చిత్రకారుణ్ణి ఒకణ్ణి ఎంచుకోవాలి. అతని బొమ్మని ఎడమ పేజీలో చూసి గీయాలి. కుడి పేజీలో దానికి బదులు చెప్పాలి, కళ్ళారా చూసిన మనిషిని పెట్టి. ఆ మనిషి ఎవరైనా సరే. చూసి ఉండాలి, అంతే.

ఎడమ పేజీలు చూసినవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. మెలితిరిగిన నడుములు, గుంటపడ్డ కళ్ళు, చర్మం కింద కదిలే ఎముకలు. ఎక్కడో చలిదేశపు చిత్రకారుడి గీత ఈ పిల్ల చేతికి అచ్చంగా పట్టుబడింది. తీరా కుడి పేజీకి వచ్చేసరికి, నంద్యాల బస్టాండులో కూర్చున్న ముసలమ్మకీ ఆ పరదేశపు వేళ్ళే మొలిచేవి. పూలమ్మే ఆమె చెంపలూ అట్లాగే లోపలికి పోయేవి. ఆమె నిజానికి బొద్దుగా ఉంటుంది.

ఒక రోజు నాగవేణి పుస్తకం తెచ్చి సార్ ముందు పడేసింది.

"నాకు రాదు సార్. పొయ్యిలో పెట్టుకోండి."

"మాది గ్యాసు పొయ్యి పాపా," అన్నాడు సార్.

ఆమె నవ్వలేదు. ముఖం చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

సార్ అద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పాడు. చివరి ఎడమ పేజీ దగ్గర ఆగాడు. అందులో బక్కచిక్కిన మనిషొకడు, ఒంటి మీద చొక్కా లేదు. స్టూలు అంచున కూర్చుని ముందుకు వంగి, రెండు అరచేతులూ మోకాళ్ళకి అదిమిపెట్టాడు. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి.

"ఈ భుజాలు ఎందుకట్లా లేచినాయి?"

"అది ఆయన శైలి సార్. మనిషి దైన్యాన్ని అట్లా చూపిస్తాడు."

"శైలి," అన్నాడు సార్.

స్టూలు లాక్కున్నాడు. చొక్కా విప్పి కిటికీకి తగిలించాడు. బొమ్మలో మనిషి ఎట్లా కూర్చున్నాడో అట్లాగే కూర్చున్నాడు. అంచు మీద, ముందుకు వంగి, అరచేతులు మోకాళ్ళ మీద మోపి, భుజాలు పైకెత్తి. ఆ బొమ్మలోని రొమ్ము గాలి పీలిస్తే ఎట్లా పీలుస్తుందో అట్లా పీల్చాడు.

గదిలో ఒక చప్పుడు పుట్టింది. సన్నని గొట్టంలోంచి ఇసుకని లాగుతున్నట్టు. లోపలికి కొంచెం, బయటికి ఇంకా కొంచెం.

మళ్ళీ పీల్చాడు. మళ్ళీ.

"ఆపండి సార్!" అని అరిచింది నాగవేణి.

సార్ ఆపాడు. లేచి చొక్కా తొడుక్కున్నాడు. పుస్తకం ఆమె ఒడిలో పెట్టాడు.

ఆ చప్పుడు నాగవేణి వాళ్ళ ఇంట్లోది.

ఆమె తండ్రి సుంకన్న బేతంచెర్లలో నాపరాళ్ళు పాలిష్ పట్టే షెడ్డులో పనిచేశాడు. ఊళ్ళోవాళ్ళ గచ్చులు అద్దాల్లా మెరిశాయి, ఆ రాళ్ళు అరిగి లేచిన దుమ్మంతా ఇతని ఊపిరితిత్తుల్లోకి పోయింది. ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నారు. గుడ్డ! పిండి కన్నా మెత్తని రాతి దుమ్ముకి గుడ్డ అడ్డమా? మనిషి పడిపోయాక ఆ షెడ్డులో ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. అతనికీ గుడ్డే ఇచ్చారు. పెద్దాసుపత్రిలో రొమ్ము ఫొటో తీసి చూసిన డాక్టరు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

పడుకుంటే ఊపిరాడదు. అందుకని సుంకన్న మంచం అంచున కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు మోపి, పగలూ రాత్రీ అట్లాగే ఉండేవాడు. ఆ చప్పుడు వినలేక కూతురు పొద్దున్నే ఇల్లు వదిలేది. లైబ్రరీలో కూర్చుని, పుస్తకాల్లో బక్కచిక్కిన మనుషుల్ని వెతికి వెతికి గీసేది.

ఆ సాయంత్రం తిన్నగా ఇంటికి వెళ్ళింది. తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుని పుస్తకం తెరిచింది.

"ఏందిమే?" అన్నాడు సుంకన్న.

"నిన్ను గీస్తా నాయినా."

"నన్నా?" ఊపిరి అందుకోవడానికి ఆగాడు. "ఎముకలు ఎన్నుండాయో చూస్తావా?"

"ఊరికే కూర్చో. అట్లాగే కూర్చో."

"అట్లా ఎట్లా కూర్చుంటాను? బొమ్మంటే నలుగురూ చూస్తారు గదా." దండెం వైపు చెయ్యి చూపించాడు. "ఆ తెల్ల చొక్కా ఇట్లియ్యి."

ఆమెకి ఎముకలు కావాలి. లేచిన భుజాలు కావాలి. ఎడమ పేజీకి సరైన బదులు అదే గదా. వద్దందామని నోరు తెరిచి, తండ్రి ముఖం చూసి, లేచి చొక్కా అందించింది.

చేతులు దూర్చడానికే చాలాసేపు పట్టింది. గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ మెడ దాకా వచ్చాడు. తర్వాత మోకాళ్ళ మీది చేతులు తీసేసి, మంచం కోడు పట్టుకుని, నడుము నిలబెట్టాడు. ఫొటోకి కూర్చున్న పెళ్ళికొడుకులా నిటారుగా కూర్చున్నాడు.

"ఊఁ, కానీ," అన్నాడు.

నాగవేణి గీసింది. కాలరు వచ్చింది. గుండీలు వచ్చాయి. కోడుని బిగించి పట్టుకున్న చెయ్యి వచ్చింది. పొట్టి వేళ్ళు, గోళ్ళలోకి దిగి ఎన్నడూ వదలని బూడిద రంగు. ఇంతలో అతని ఒంటి మీది చొక్కా వణకడం మొదలైంది. ఆమె పైకి చూసింది.

"చాలు నాయినా, వంగు. వంగు నాయినా!"

"అయిందా?"

"అయింది."

అబద్ధమే. అతను వంగాడు. ఆమె పుస్తకం పక్కన పడేసి వీపు నిమురుతూ కూర్చుంది.

ఆ తర్వాత అతను మళ్ళీ నిటారుగా కూర్చోలేదు. పోయినప్పుడు ఆ తెల్ల చొక్కాయే వేశారు.

దినాలు అయిపోయాక ఆమె పుస్తకం తీసుకుని వచ్చింది. దస్తగిరి సార్ ఎడమ పేజీలోని వంగిన మనిషిని చూశాడు. కుడి పేజీలోని నిటారు మనిషిని చూశాడు. కోడు పట్టుకున్న ఆ చేతి మీదే ఆగిపోయాడు.

కాలరు పైన ఏమీ లేదు. తెల్ల కాగితం.

"ముఖం?"

"అంతసేపు కూర్చోలేకపోయినాడు సార్." "నాకు గుర్తుంది. కళ్ళు మూస్తే కనపడతాది. ఇప్పుడే వేసేస్తా."

పెన్సిలు తీసి కాలరు మీద ఆనించింది.

సార్ ఆమె వేళ్ళలోంచి పెన్సిలు మెల్లగా తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు.

"మీ నాయిన ఆపిన చోట ఆపు," అన్నాడు.