వడపోసిన నీళ్లు

కొల్లేటి ఒడ్డున, తామరాకుల కింది నీళ్లలో తనకు దొరికిన జీవి ఇంతవరకూ ఎవరి కంటా పడలేదని నజీరాకు గట్టి నమ్మకం. చిక్కల్లా ఒక్కటే. ఆ మాట ఆమె పరిశోధనకు గైడైన ఇమ్మానుయేలు మాస్టారు అనడం లేదు.

కంటికి ఆనని జీవి అది. ఒకే ఒక్క కణం. ఒళ్లంతా సన్నటి నూగు, ఆ నూగునే ఆడిస్తూ ఈదుతుంది. సీలియేట్ అంటారు. పుస్తకాల్లో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది గానీ, అది బొద్దుగా, తోకవైపు గుండ్రంగా ఉంటుంది. నజీరాది నాజూగ్గా, తోక దగ్గర మొనదేలి ఉంది. ఒకదాన్ని విడిగా తీసి గాజుగిన్నెల్లో పెంచితే దాని సంతానమంతా అలాగే వచ్చింది. రంగులద్ది చూసింది, కొలిచింది, బొమ్మలు గీసింది, పరిశోధన పేపరు రాసేసింది. ఇంకో ఊరి పరిశోధకులు కూడా కొల్లేటి నీళ్లే పరీక్షిస్తున్నారని విన్నప్పటి నుంచి ఆమెకు తిండి సయించడం లేదు.

జీవికి పేరు కూడా ఆలోచించి పెట్టింది. మాస్టారి పేరే. జీవితమంతా చెరువు నీళ్లు చూస్తూ గడిపిన మనిషి. త్వరలో రిటైరవుతున్నారు. ఏ జీవికీ ఆయన పేరు లేదు.

పేపరు చేతికిస్తే ఆయన ఆ పేరు దగ్గర ఆగిపోయారు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"వీటిని ఎలా పెంచుతున్నావమ్మా?"

"చాలా శుభ్రంగా, సార్. రోజూ వడపోసిన నీళ్లు మారుస్తాను. నలుసు కూడా పడనివ్వను."

భోజనాల వేళ కావడంతో ఆయన కారియర్ విప్పారు. కూర కలపకముందే ఒక మెతుకు తీసి, నజీరా పెంచుతున్న రెండు గిన్నెల్లో ఒకదానిలో వేశారు.

నజీరా గిన్నె వైపు చెయ్యి చాచింది. "సార్! నీళ్లు పాడైపోతాయి!"

"పాడవనీ. రెండోదాన్ని నీ పద్ధతిలోనే చూసుకో."

మర్నాటికి మెతుకు చుట్టూ నీళ్లు మసకబారాయి. ఆ తర్వాత వాసన మొదలైంది. తన కష్టమంతా ఒక్క మెతుకుతో కుళ్లబెట్టారని నజీరాకు ఉక్రోషం. ఆయన ఎదురుపడితే తల తిప్పుకుంది. చివరికి ఆయనే పిలిచి, "మెతుకు వేసిన గిన్నెలోది ఒక చుక్క చూడమ్మా" అన్నారు.

మైక్రోస్కోప్ మీదికి వంగింది. బొద్దుగా, మెతుకు కుళ్లి పుట్టిన బ్యాక్టీరియాను కడుపు నిండా తిని, బరువుగా ఈదుతున్నాయి. తోకల మొనలు లేవు. ఒకటి నడుం దగ్గర నొక్కుకుని రెండుగా విడిపోతోంది. గిన్నెలు తారుమారయ్యాయేమోనని చీటీలు చూసుకుంది. కాలేదు. రెండో గిన్నెలోవి ఇంకా సన్నగానే ఉన్నాయి. పుస్తకం తెరిచి బొమ్మ పక్కన పెట్టి చూసింది. అదే జీవి.

పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"మీకు ముందే తెలుసా, సార్?"

"తెలీదు. అనుమానం, అంతే. కొత్తదైతే బాగుండునని నాకూ ఉందమ్మా."

ఆ మాట అంటూ ఆయన కిటికీ వైపు చూశారు. నజీరాకు అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది.

"నేను కొలిచినవన్నీ తప్పేనా?"

"ఒక్కటీ తప్పు లేదు. వడపోతలో వాటి తిండి కూడా చాలావరకు పోయింది. ఆకలితో ఉన్నవి అలాగే ఉంటాయి."

నజీరా పేపరు మొదటి పేజీ తీసి, పైనున్న జీవి పేరు వైపు చూస్తూ కూర్చుంది. ఆయన దాన్ని ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు.

"ఇంటికొచ్చినవాళ్లకు ముందు అన్నం పెడతాం కదమ్మా. పేరు తర్వాత అడుగుతాం."