ఎర్నమ్మ వేలిముద్ర

వెనకటి మాట. మన తాతల తాతలు పసిపిల్లలుగా ఉన్ననాటి మాట. సముద్రాలకు అవతల ఎక్కడో రాజులూ రాజులూ కొట్టుకున్నారు. వాళ్ళ కొట్లాటకు మన పల్లెల నుంచి పిల్లలు ఓడెక్కి పోయారు. అలా పోయినవాడే గంగులు. వాడి తల్లి ఎర్నమ్మ. ఏటి ఒడ్డున కుండలు చేసుకుని బతికేది. మొగుడు లేడు, మరో బిడ్డ లేడు. చదువు అసలే లేదు.

కొన్నాళ్ళకు గంగులు ఉత్తరం వచ్చింది. టపా మోసే అసిరయ్య చదివి పెట్టాడు. అక్క వరసన ఆమెను అప్పా అనేవాడు.

"అమ్మా, ఇక్కడంతా ఇసుకే. వాసన లేని ఇసుక."

"జవాబు సెప్పప్పా, నాను రాస్తాను," అన్నాడు అసిరయ్య.

"నీ రాత ఆడికేటి తెలుస్తాది నాయనా? నా సెయ్యయితే తెలుస్తాది."

కుండలకు పూసే ఎర్రమన్ను కలిపింది. బొటనవేలు ముంచింది. కాగితం మీద అద్ది ఎండలో ఆరబెట్టింది. అదే జవాబు.

రెండో ఉత్తరం వచ్చింది.

"అమ్మా, నీ కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని పడుకుంటున్నాను. పక్కవాళ్ళూ అడిగి వాసన చూస్తున్నారు. వాళ్ళది మన భాష కాదు, మన దేవుడు కాదు. వాళ్ళకీ తలా ఒకటి పంపవా?"

మన్ను కలిపింది. వేలు ముంచింది. అద్ది ఆరబెట్టింది. గాలికి ఎగిరిపోకుండా ఒక్కో కాగితం మీద ఒక్కో మూకుడు పెట్టింది.

మూడో ఉత్తరం వచ్చింది. చేతిరాత వేరు. అసిరయ్య విప్పి చూసి, మళ్ళీ మడత పెట్టేశాడు.

"నీ మొగం సూసి తెలిసిపోనాది. అయినా సదువు నాయనా," అంది ఎర్నమ్మ.

"అమ్మా, గంగులు పోయాడు. నీ వేలిముద్రలు వాడి గుండెల మీద పెట్టి మట్టి కప్పాం. వాడి నేస్తాలకు తెలుగు రాదు, వాళ్ళు చెబితే నేను రాస్తున్నాను. ఇక నువ్వు శ్రమపడొద్దు."

ఆ పూట పొయ్యి వెలగలేదు. మర్నాడు అసిరయ్య పలకరించబోతే ఎర్నమ్మ వాకిట్లోనే ఉంది. మన్ను కలుపుతోంది.

"ఇంకెవులికి అప్పా?"

"ఈ కాగితం రాసినోడికీ ఓ తల్లుంటాది కదా. ఆ తల్లి కబురు ఆడికి అందుతాదో లేదో."

వేలు ముంచింది. అద్ది ఆరబెట్టింది. యుద్ధం ఆగేదాకా ఆ వేలు ఆగలేదు.

యుద్ధం ఆగాక ఒకనాడు పొడుగాటి మనిషొకడు గంగులు ఊరేదని అడుగుతూ వచ్చాడు. తెలుగు రాదు. జేబులోంచి నలిగిన కాగితం తీశాడు. ఎర్నమ్మ దాని మీద తన వేలు ఆనించింది. సరిగ్గా కుదిరింది. అంతటి మనిషీ ఆమె కాళ్ళ మీద పడ్డాడు. తరవాత మరొకడు వచ్చాడు. ఆ తరవాత, ఒంటి కాలి మీద, కర్ర పొడుచుకుంటూ ఇంకొకడు. ఊరంతా వీధిలో నిలబడి చూసింది. ఆమె మాత్రం అందరినీ ఒకటే అడిగేది. "అన్నం తిన్నావా నాయనా?"

ఎర్నమ్మ పోయినప్పుడు తలకొరివి ఎవరు పెట్టాలన్న మాటే రాలేదు. ఏటా వచ్చి చూసిపోయే ఆ పొడుగాటి మనిషే పెట్టాడు.

ఇప్పటికీ ఆ వైపు పల్లెల్లో బిడ్డ దూరాభారం పోతుంటే తల్లి ఎర్రమన్నులో వేలు ముంచి, కాగితం మీద అద్ది, వాడి జేబులో పెడుతుంది. "ఎర్నమ్మ వేలు తగిలినోడు ఇంటికొస్తాడు," అంటుంది.

ఎర్నమ్మ కొడుకు రాలేదని ఆ తల్లులకు తెలుసు. తెలిసే అంటారు.