బుట్టలో పెంకులు

కస్తూరి చేసిన కూజా ఒక్కటీ కుండలు కాల్చే ఆవం మొహం చూడలేదు. నీడన ఆరుతుండగానే నిలువునా బీటలిచ్చేవి.

నీళ్లు పోసుకునే కూజాలు కావవి. నడుమెత్తున రెండు, ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిలబడుంటాయి. పచ్చి మీద చూస్తే, అబ్బ, రెండు కళ్లు చాలవు!

ఆమె పలమనేరు పక్కన మా చెంగయ్య తాత దగ్గరికి పని నేర్చుకోను వచ్చి ఏడాది. అంతకు ముందు మొగుడూ పెళ్లామూ కలిసి అట్లాంటి జంట కూజా ఒకటి చేసి కాల్చినారు. మట్టి కలిపేదంతా ఆయనే. ఆయన జబ్బుతో పోయినాడు. నెల తిరక్కుండా అదీ పగిలింది. ఆ పెంకులే బుట్టలో తెచ్చుకుని తలాపున పెట్టుకుని పడుకునేది. మళ్లీ అట్లాంటిది నిలబెట్టాలని పంతం. మాతో కూచుని ముద్ద తిన్నది లేదు. పలకరించే ధైర్యం మాకెవరికుంది?

ఐదోది చీలిన పొద్దున వచ్చి తాత ముందు కూలబడింది.

"మూడుసార్లు జల్లించినా తాతా. వెన్నలాగుంది మట్టి. నా చేతికే శాపముందా?"

తాత లేచిపోయి తను నీళ్లు తాగే ముంత తెచ్చి ఆమె చేతిలో పెట్టినాడు. దాని నిండా ఎర్రటి చుక్కలు.

"ఏందివి?"

"కాలిన పెంకు దంచి కలిపింది. అది లేకుంటే మట్టి నిలవదు."

"ఎవరి పెంకు?"

"మా ముసిల్ది చేసిన చట్టి."

అవ్వ పోయి తొమ్మిదేండ్లు. ఎవరి మట్టిలో వాళ్లింటి పెంకే కలపాలని మా కుమ్మరిండ్ల కట్టుబాటు.

తాత రోలు ఆమె ముందుకు దొర్లించి, పోయి కుండలు చేసే సారె ముందు కూచున్నాడు.

కస్తూరి బుట్ట ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా అట్లే ఉంది. "ఇవి గూడా పోతే నాకేం మిగలదు తాతా!" అని గట్టిగా ఏడ్చింది. తాత తలెత్తలేదు. ఏం మనిషిరా ఈయన అని నాకు ఒళ్లు మండింది.

పొద్దు వాలేటప్పటికి రోకటి చప్పుడు మొదలైంది.

ఆరో కూజా ఆరింది. చీలలేదు. ఆవంలో పెట్టినాక అగ్గిపుల్ల పట్టుకుని ఆమె అట్లే నిలబడిపోయింది.

"భయంగా ఉంది తాతా. ఇందులో ఆయన ఉన్నాడు."

"ఉంటే భయమెందుకు అమ్మణ్ణీ? ఆ పెంకు ఒకసారి కాలిందే కదా."

ఆమె అగ్గి పెట్టింది. వచ్చి తాత పక్కన కూచుంది.

"ఆ ముంత ఇటియ్యి తాతా," అని అడిగి నీళ్లు తాగింది.